జీవో 49 ఎందుకు ఆగింది? కవ్వాల్-తడోబా పులుల దారికి రాజకీయ అండ దొరకాలంటే..

కుమురం భీం ఆసిఫాబాద్: పులుల కోసం తెచ్చిన జీవో రెండు నెలలు కూడా నిలవలేదు. జిల్లాలోని అడవులను 'కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్'గా ప్రకటిస్తూ 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం జీవో 49 జారీ చేసింది. జులై 21న దాన్ని నిలిపివేసింది. అడవి వద్దని జిల్లాలో ఎవరూ అనలేదు. అయినా జీవోకు అండగా నిలబడే నాయకులు ఎందుకు కరువయ్యారు? అసలీ అడవి ఎందుకంత కీలకం? ఆ వివరాలివి..

ఏ అడవి ఇది?

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. టేకు, వెదురు ఎక్కువగా ఉండే ఈ అడవిని 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపి విస్తీర్ణం సుమారు 2,015 చదరపు కిలోమీటర్లు. అయితే కోర్ ఏరియాలో పులులు స్థిరపడటం లేదు. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలోని తడోబా నుంచి వచ్చే పులులు కాగజ్‌నగర్, సిర్పూర్, పెంచికల్‌పేట్, బెజ్జూర్ అడవుల్లోనే ఎక్కువగా తిరుగుతున్నాయి. 'ఫాల్గుణ' అనే ఆడపులి పిల్లల్ని కన్నది కూడా కాగజ్‌నగర్ డివిజన్‌లోనే. అంటే పులి రావాలన్నా, కవ్వాల్ దాకా చేరాలన్నా ఈ అడవే దారి. దీన్నే టైగర్ కారిడార్ అంటున్నారు. 2022 లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తం మీద ఉన్న పులులు 21 మాత్రమే. అందుకే ఈ దారి తెగిపోకూడదన్నది అటవీ శాఖ వాదన.

జీవో 49లో ఏముంది?

తడోబాను, కవ్వాల్‌ను కలిపే సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా చేస్తున్నట్టు జీవోలో పేర్కొన్నారు. ఎకరాల్లో చెప్పాలంటే 3.68 లక్షలకు పైమాటే. టైగర్ రిజర్వ్ వేరు, కన్జర్వేషన్ రిజర్వ్ వేరు. ఊళ్లను ఖాళీ చేయించి కోర్ ఏరియా ఏర్పాటు చేయడం టైగర్ రిజర్వ్‌లో ఉంటుంది. కన్జర్వేషన్ రిజర్వ్‌లో అలా ఉండదు. ఒక అభయారణ్యాన్ని మరో దానితో కలిపే ప్రభుత్వ భూములను కాపాడటానికే 2002లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి దీన్ని చేర్చారు.

మరి జనం ఎందుకు నమ్మలేదు?

ఈ తేడా ఊళ్లలోకి చేరలేదు. చేరింది భయమే. మూడు వందలకు పైగా గ్రామాలపై దెబ్బ పడుతుందని ఆదివాసీ సంఘాలు ఆందోళనకు దిగాయి. పోడు పట్టాలు పోతాయని, పశువులను మేపుకోనివ్వరని, చివరకు ఊళ్లే లేపేస్తారని గూడేల్లో చర్చ నడిచింది. ఈ భయం గాల్లోంచి పుట్టింది కాదు. కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట గ్రామాల నుంచి 142 కుటుంబాలను 2024లో బయటకు తరలించారు. అంతకు ముందు 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం కొత్త సార్సాలలో మొక్కలు నాటే పనుల కోసం వెళ్లిన మహిళా రేంజ్ అధికారిపై దాడి జరిగింది. ఓ ప్రజాప్రతినిధి అరెస్టయ్యారు. పోడు భూమి విషయంలో అటవీ శాఖకు, రైతులకు మధ్య ఎంత దూరం పెరిగిందో ఆ ఘటన దేశమంతటికీ చూపించింది.

పులి భయం కూడా తక్కువేం కాదు. 2020 నవంబర్‌లో దహెగాం, పెంచికల్‌పేట్ మండలాల్లో పులి దాడికి ఇద్దరు బలయ్యారు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో చేనులో పనిచేస్తున్న మహిళ చనిపోయింది. మరోవైపు 2024 జనవరిలో ఇదే కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు మృత్యువాత పడ్డాయి. విషం కలిపిన పశువు కళేబరమే కారణమని తేలింది. జనం కలిసి రాకపోతే పులికి, మనిషికి ఇద్దరికీ నష్టమే.

ఈ పరిస్థితుల్లో పార్టీలకు అతీతంగా నాయకులు జీవో రద్దు కోరారు. జులై 21న జిల్లా బంద్‌కు పిలుపు వచ్చింది. అదే రోజు ప్రభుత్వం జీవోను నిలుపుదల చేసింది.

చట్టం ఏం చెబుతోంది?

కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలని చట్టంలోని సెక్షన్ 36ఏ చెబుతోంది. ఆ తర్వాత వేసే నిర్వహణ కమిటీలో పరిధిలోని ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒకరికి చోటివ్వాలని 36బీ అంటోంది. 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మరింత బలమిచ్చాయి. అంటే జనాన్ని అడగడం ప్రభుత్వం దయ కాదు, బాధ్యత. మా గ్రామసభను అడగలేదన్నదే ఆదివాసీల ప్రధాన అభ్యంతరం. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కుమురం భీం పేరు పెట్టిన రిజర్వ్‌కే ఈ మాట రావడం గమనార్హం.

నల్లమలలో ఎలా సాధ్యమైంది?

అడవి కోసం పార్టీలన్నీ ఒక్కటైన సందర్భం తెలంగాణలోనే ఉంది. 2019లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సానుకూలంగా స్పందించింది. మొదట కదిలింది నల్లమల ఊళ్లే. చెంచులు, రైతులు రోడ్డెక్కారు. తర్వాతే విపక్షాలు, సినీ ప్రముఖులు గొంతు కలిపారు. చివరకు 2019 సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల వ్యవహారంలోనూ ముందు విద్యార్థులు కదిలారు, తర్వాత పార్టీలు వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది.

తేడా ఇక్కడే ఉంది. నల్లమలలో అడవిని కాపాడటమంటే ఊరిని కాపాడుకోవడమే. ఆసిఫాబాద్‌లో మాత్రం అడవిని కాపాడితే ఊరు పోతుందేమోనన్న అనుమానం. ఓట్లు అడగాల్సిన నాయకుడు ఎటు నిలబడతాడో చెప్పక్కర్లేదు.

ముందున్న దారి ఏంటి?

2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది ఆసిఫాబాద్‌లోనే. రాష్ట్రంలో 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలకు పట్టాలిస్తున్నట్టు అప్పట్లో ప్రకటించారు. ఆ పట్టాలకు ఢోకా లేదని రాతపూర్వకంగా చెప్పడం, మేతకు, తునికాకు సేకరణకు ఉన్న హక్కులను గ్రామసభల్లో చదివి వినిపించడం, పులి దాడిలో నష్టపోయిన వారికి పరిహారం ఆలస్యం లేకుండా ఇవ్వడం.. ఈ మూడూ జరిగితే మాట్లాడటానికి చోటు దొరుకుతుంది. పులికి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. ప్రాణహిత దాటి అది వస్తూనే ఉంటుంది. దాని దారిని కాపాడే జీవో మళ్లీ ఎప్పుడు వచ్చినా, సచివాలయం కంటే ముందు గూడెంలో చర్చకు రావాలి. అప్పుడే దాని వెనక నిలబడే నాయకుడూ దొరుకుతాడు.