బలిపీఠం కూలినా మిగిలిన బలి నియమాలు

యూదుల మతం అనగానే పది ఆజ్ఞలు, శనివారం విశ్రాంతి, పంది మాంసం నిషేధం మనకు గుర్తుకు వస్తాయి. కాని వారి ధర్మశాస్త్రమైన తోరాను తిరగవేస్తే బలుల ప్రస్తావన ఎంత ఉందో చూసి ఆశ్చర్యం కలుగుతుంది. దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారబలి, అపరాధపరిహారబలి అంటూ లేవీయకాండం మొదలవుతుంది. ఏ పశువు, రక్తం ఎక్కడ ప్రోక్షించాలి, మాంసం ఎవరు తినాలి, ఎంతలోగా తినాలి అన్నీ నియమాలే. ఉప్పు లేని నైవేద్యం పనికిరాదు. కొన్ని తప్పులకు గొర్రెను తేలేని పేదవాడు రెండు గువ్వలనో, పావురపు పిల్లలనో తేవచ్చు. అదీ చేతకాకపోతే కాస్త గోధుమపిండి చాలు. ఈ వెసులుబాటు నాకెంతో నచ్చింది.

మన నిత్యాగ్నిహోత్రంలా అక్కడ ప్రతి ఉదయం ఒక గొర్రెపిల్ల, ప్రతి సాయంత్రం ఒక గొర్రెపిల్ల దహనబలి. అయితే ఎక్కడపడితే అక్కడ చేయరాదు, దేవుడు ఎంచుకున్న ఒక్క చోటే అని ద్వితీయోపదేశకాండం కట్టడి చేసింది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో యోషీయా రాజు ఊళ్ళలోని బలిపీఠాలను పడగొట్టించి, ఆరాధననంతా యెరూషలేం ఆలయానికే పరిమితం చేశాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ సైన్యం ఆ ఆలయాన్ని తగులబెట్టింది. ఉన్న ఒక్క చోటూ పోయింది. ఇక పాపపరిహారం ఎలాగని ఒక పండితుడు శిథిలాలను చూసి విలపించాడట. దయతో చేసే పనులు బలికి సమానమేనని గురువు యోహనాన్ బెన్ జక్కాయ్ ఆయనను ఓదార్చినట్లు సంప్రదాయం చెబుతుంది. యవ్నే పట్టణంలో ఆ గురువు చుట్టూ చేరిన పండితులు ప్రార్థనకు, అధ్యయనానికి పెద్దపీట వేశారు.

విచిత్రం ఏమిటంటే, బలి నియమాలను మాత్రం వారు వదలలేదు. ఆఫీసు కాలిపోయాక కూడా రూల్సు పుస్తకాన్ని కొత్తగా రాసుకున్నట్లు, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలోని ఆరు విభాగాలలో ఒకదాన్ని బలులు, ఆలయ విషయాలకే కేటాయించారు. 12వ శతాబ్దపు మైమోనిడిస్ సంగతి మరీ ఆసక్తికరం. ప్రజల పాత అలవాటును ఒక్కసారిగా మాన్పించలేకనే దేవుడు బలులను అనుమతించాడని ఒక గ్రంథంలో వాదించాడు. అయినా తన 14 భాగాల ధర్మసంహితలో ఆ నియమాలన్నిటినీ పూసగుచ్చినట్లు రాశాడు. ఆలయం మళ్ళీ లేస్తుందనీ, బలులు మళ్ళీ జరుగుతాయనీ అందులోనే చెప్పాడు.

నేటికీ యూదుల ఉదయ ప్రార్థన, అపరాహ్ణ ప్రార్థన ఆ రెండు గొర్రెపిల్లల వేళలను అనుసరించే జరుగుతున్నాయి.