కేడీ షీటులో లేని గడి

గోదావరికి ఇవతల మా పినపాక నిజాం ఇలాకా. అవతల భద్రాచలం 1860లోనే ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. చర్ల, నూగూరు వైపు ఊళ్ళు 1909 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, ఆ తర్వాత మద్రాసులో కలిశాయి. పడవెక్కి అవతలి గట్టున దిగితే సర్కారు మారేది, పోలీసు టోపీ మారేది. ఎవడు మళ్ళీ తప్పు చేస్తాడో ముందే చెప్పగలమన్న ధీమా మాత్రం రెండు గట్లలోనూ ఒకటే.

అప్పట్లో ఆ ధీమాకు ఆధారం కులం. 1871లో ఉత్తరాది కోసం చేసిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసుకూ వచ్చింది. బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ళ కోసం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. అక్కడ హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. నిజాం ఇలాకాలో లంబాడాల మీదా ఇదే ముద్ర. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పదేళ్ళు తిరిగేసరికి 1962లో ఆంధ్రప్రదేశ్‌కు అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. ఈసారి కులం పేరెత్తకుండా.

నేను ఈ ఏజెన్సీలో ఒక స్టేషన్లో రైటరుగా చేరేనాటికి బీరువా నిండా నిఘాలో ఉన్నవాళ్ళ షీట్లే. సస్పెక్టు, రౌడీ, కేడీ, డీసీ. పేర్లు వేరైనా పుస్తకం తీరు ఒకటే. మొదటి పేజీకి మైదాతో అంటించిన ఫోటో, ఎండాకాలం వచ్చేసరికి అంచులు లేచిపోయేది. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టుమచ్చలు, బంధువులు, స్నేహితులు, నేరం చేసే పద్ధతి. వెనక పేజీల్లో నెలనెలా ప్రవర్తన: "ప్రస్తుతం ఊళ్ళోనే ఉన్నాడు. కూలి పనికి పోతున్నాడు. అనుమానం లేదు." ఇంకు రంగు మారుతుంది గానీ వాక్యం మారదు. ఏటా డిసెంబరు 31కి రౌడీ షీటు గడువు అయిపోతుంది, పైఅధికారి ఉత్తర్వుతో ఇంకో ఏడాది సాగుతుంది. నడవడానికి కర్ర ఊతం కావలసిన ముసలాయన షీటు కూడా అలాగే సాగడం చూశాను. ఎప్పుడో మేకల దొంగతనం కేసు ఆయనది.

రాత్రి బీటులో గుడిసె ముందు నిలబడి "ఒరే, ఉన్నవా?" అని కేకేసేవాళ్ళు. లోపల్నుంచి "ఉన్న సార్" అని వినపడితే పని అయిపోయినట్టే. ఇలా రాత్రిపూట ఇళ్ళమీదకు పోవడం చెల్లదని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే తీర్పిచ్చింది. ఆ తీర్పు మా అడవి దారిలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

ఇక్కడొక విశేషం. రౌడీ షీటు ఎవరి మీద తెరవాలో చెప్పే పోలీసు స్టాండింగ్ ఆర్డర్ 601లో ఆడపిల్లల్ని అలవాటుగా వేధించేవాళ్ళ గురించి విడిగా ఒక క్లాజు ఉంది. దాని కింద తెరిచిన షీటు మా బీరువాలో ఒక్కటీ లేదు. గుడుంబా కాచేవాళ్ళవి, కొట్లాటల్లో దొరికినవాళ్ళవి, ఒకప్పుడు నక్సలైట్ అన్నలకు అన్నం పెట్టారన్నవాళ్ళవి దండిగా ఉండేవి. కోయగూడేల్లో ఆడపిల్లల గొడవొస్తే పటేలు, పెద్దమనుషులు కూర్చుని తప్పు కట్టించేవాళ్ళు. అక్కడ డబ్బు లెక్క తేలేది, పిల్ల మాట వినపడేది కాదు. ఎస్సీ, బీసీ వాడల్లో పంచాయితీలు అంతకన్నా మెరుగ్గా ఏమీ లేవు.

మరి ఆడపిల్లల మీద నేరం చేసేది ఎవరు? అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. మేనమామ కావచ్చు, పక్కింటివాడు కావచ్చు, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాడు కావచ్చు. షీటు చూసేది రోడ్డు మీది మనిషిని. ఇంట్లో మనిషి కోసం అందులో గడి లేదు.

మా అమ్మాయి సైకాలజీ చదివేటప్పుడు స్టాటిక్-99 అనే ప్రశ్నావళి చూపించింది. కెనడా, ఇంగ్లండ్ పరిశోధకులు 1999లో తయారు చేశారట. లైంగిక నేరస్థుడు మళ్ళీ చేసే అవకాశం ఎంతో పది ప్రశ్నలతో అంచనా కడుతుంది: విడుదలనాటికి వయసెంత, గతంలో ఇలాంటి కేసులున్నాయా, బాధితులు బంధువులా, ముక్కూమొహం తెలియనివాళ్ళా. కులం ఊసు లేదు. తర్వాత సవరించినదాంట్లో అరవై దాటితే మూడు మార్కులు తగ్గిస్తారు. మా ముసలాయన గుర్తొచ్చి నవ్వుకున్నాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు శిక్ష పూర్తయినవాణ్ణి కూడా ప్రమాదకరమని చికిత్స పేరుతో బంధించి ఉంచుతాయి. ఈ పద్ధతిని 1997లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. అలా లోపల ఉన్నవాణ్ణి వదలాలా వద్దా అన్నప్పుడు ఇలాంటి మార్కులే చూస్తారు. కానీ ఆ మార్కులు చెప్పేది ఒక గుంపు సంగతి, ఎదురుగా కూర్చున్న మనిషి సంగతి కాదు. అంతకుముందు 1966లో, ప్రమాదకరమని న్యూయార్క్‌లో ఖైదీల మానసిక ఆస్పత్రుల్లో పెట్టిన 967 మందిని కోర్టు తీర్పు వల్ల మామూలు ఆస్పత్రులకు మార్చాల్సి వచ్చింది. తర్వాతి ఏళ్ళలో మళ్ళీ హింసకు దిగింది బహు కొద్దిమందే. భయపెట్టిన డాక్టర్ల అంచనా అలా తప్పని తేలింది.

మనకు శిక్ష పూర్తయ్యాక అలా బంధించి ఉంచే చట్టం లేదు. 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మొదలైంది గానీ అది పోలీసులు, దర్యాప్తు సంస్థలు చూసుకోవడానికే. శిక్ష పూర్తి కాకముందే విడుదల చేసేటప్పుడు ఖైదీ మళ్ళీ నేరం చేసే అవకాశం ఉందా అని తూచమని లక్ష్మణ్ నస్కర్ కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నా అనుభవంలో ఆ తూకం తిరిగి తిరిగి రిపోర్టు కోసం స్టేషన్ రైటరు బల్ల మీదికే వచ్చేది. రైటరు బీరువా తెరుస్తాడు. షీటు ఉంటే "విడుదల చేస్తే శాంతిభద్రతలకు భంగం". లేకపోతే "అభ్యంతరం లేదు". మేనకోడలి కేసులో లోపలికి పోయినవాడికి షీటు ఎక్కడినుంచి వస్తుంది? మేకల దొంగకేమో ఉంటుంది.

నన్నడిగితే ఆ రిపోర్టులో రెండు ప్రశ్నలు చాలు. విడుదలై వచ్చి ఏ ఇంట్లో ఉంటాడు? ఆ ఇంట్లో పిల్లలెవరు? వీటికి జవాబు రాయాలంటే రైటరు కుర్చీలోంచి లేచి గూడెం దాకా పోవాలి, ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో కూర్చోబెట్టి మాట్లాడాలి. షీటు ఇంకో ఏడాది పొడిగించడానికి అంత కష్టం అక్కర్లేదు.