రికార్డుల అంగడి



మీ ఇంటి అటక మీద పాత గ్రామఫోను రికార్డులేమైనా ఉన్నాయా? ఉంటే పారేయకండి. ముందు వాటి కథ వినండి.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. వాటిని అచ్చువేసింది జర్మనీలో. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చింది. ఆనాటి రికార్డుకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. మన మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే లక్కే! నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే పలికేది. రంగస్థలం మీద రాగం సాగదీసే పద్యాన్ని అంతలోకి కుదించి పాడాలి. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల పద్యాలు అలాగే ఊరూరికీ చేరాయి.

తరువాత వినైల్ అనే ప్లాస్టిక్కు వచ్చింది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్.పి. రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పలికింది. ఘంటసాల 1974లో కన్నుమూశాక ఆయన భగవద్గీత ఇంటింటికీ వెళ్ళింది ఆ రికార్డుతోనే.

ఇక మన సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు పుట్టిన నేను కన్నడ బడిలో చదివాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు రావు.

1980ల చివర మా తాత నన్ను రికార్డుల అంగడికి తీసుకెళ్ళేవాడు. అప్పటికే రికార్డులు కొనేవారు తగ్గారు. పాటల జాబితా ఇస్తే అంగడాయన రికార్డు తుడిచి, ముల్లు దించి, అరవై నిమిషాల క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చేవాడు. మా తాతకు ఒక వైపు తెలుగు పద్యాలు, రెండో వైపు రాజ్‌కుమార్ కన్నడ పాటలు కావాలి. జాబితా రాసేది నేను. తెలుగు పాటల పేర్లు కూడా కన్నడ లిపిలోనే రాసేవాణ్ణి. ఒకనాడు అంగడాయన నవ్వి, వాటి పక్కనే తెలుగులో రాసి చూపించాడు. ఎంత దగ్గరి లిపులో అప్పుడు తెలిసింది. నా తెలుగు ఓనమాలు ఆ క్యాసెట్టు అట్ట మీదే.

1990ల మధ్యకు కొత్త రికార్డులు రావడం దాదాపు ఆగిపోయింది. అంగడి మూతపడింది. తాత పోయాక ఆయన రికార్డులు మేమే పాత సామాన్లవాడికి తూకానికి వేశాం. క్యాసెట్టు మిగిలిందిలే అనుకున్నాం. కొన్నేళ్ళకు ఆ టేపుకూ బూజు పట్టింది.

2020లో అమెరికాలో వినైల్ రికార్డుల అమ్మకాల రాబడి సీడీల రాబడిని దాటింది. 1986 తరువాత ఇదే మొదటిసారి. అక్కడ కొత్తవి అచ్చవుతున్నాయి. మన పద్యాల పాత రికార్డులు మాత్రం ఒకసారి పోతే పోయినట్టే.

కాబట్టి ఒక్క మనవి. రికార్డుల్ని ఎండ తగలకుండా నిలువుగా పెట్టండి. లక్క రికార్డు కింద పడితే పగిలిపోతుంది, జాగ్రత్త. తెలిసినవారి చేత ప్రతి తీయించండి. ఆ అట్ట మీది తెలుగు పేర్లు మీ మనవళ్ళ చేత, మనవరాళ్ళ చేత చదివించండి. రాకపోతే పక్కన కూర్చుని చెప్పండి.

సెలవు.