పాదరసం పగిలిన వార్డులు

నేను నర్సుగా చేరిన కొత్తలో థర్మామీటరు పగిలితే ఆయాలు చీపురుతో ఊడ్చేసేవారు. పాదరసం పూసలు ఇంకా చిన్నవై గచ్చు పగుళ్లలోకి దూరేవి. గది వేడికే అది ఆవిరై ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని వాళ్లకెవరూ చెప్పలేదు. అది నన్నిప్పటికీ బాధిస్తుంది. జపాన్‌లో పాదరసం విషంతో వచ్చిన మినమాటా వ్యాధి 1956లోనే బయటపడింది కదా! పాదరసం కాలుష్యం వల్ల కొడైకెనాల్ థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. పాదరసాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందం 2013లో కుదిరితే, మన దేశం 2018లో ఆమోదించింది.

తర్వాత్తర్వాత పద్ధతి నేర్చుకున్నాం. ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, బంగారు గాజులు తీసేవాళ్లం. పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది. గ్లవ్స్ తొడిగి, అట్టముక్కతో పూసల్ని కూడగట్టి, సిరంజితో లాగి, నీళ్లున్న సీసాలో వేసి మూత బిగించేవాళ్లం. టార్చి ఏటవాలుగా వేస్తే మంచం కోళ్ల దగ్గర నక్కినవీ మెరిసేవి. వాటిని టేపుకి అంటించి తీసేవాళ్లం.