అట్టముక్క మీద నీలిరంగు

కంటికి ఆనని రక్తాన్ని పట్టుకునే ఉపాయం 1864లోనే దొరికింది. కరీబియన్ దీవుల్లో పెరిగే గ్వాయకమ్ చెట్టు బంకకు రక్తం తగిలాక హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది చుక్క వేస్తే నీలం తేలుతుంది. దీన్ని రక్తపరీక్షగా వాడవచ్చని చూపినవాడు డచ్చి శాస్త్రజ్ఞుడు వాన్ డీన్. బెర్లిన్ వైద్యుడు ఇస్మార్ బోయాస్ 1901 నాటికి ఇదే కిటుకుతో మలంలో దాగిన రక్తానికీ జీర్ణనాళ క్యాన్సర్‌కూ సంబంధం చూపాడు. అయినా అప్పటికే మంచం పట్టినవాళ్ళకు తప్ప, నిక్షేపంగా తిరుగుతున్న మనిషికి ఈ పరీక్ష చేయాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు.

తోచాలంటే, పెద్దపేగు క్యాన్సర్ బయటపడకముందు చాలాకాలం నెమ్మదిగా పెరుగుతుందని తెలియాలి. ఆ సంగతి లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో తేలింది. కోసి తీసిన పేగు ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన కథ్‌బర్ట్ డ్యూక్స్, పేగు లోపలి పొరపై పుట్టగొడుగుల్లా మొలిచే పాలిప్‌లే కొన్ని క్యాన్సర్‌గా మారతాయని 1920ల చివరలో గుర్తించాడు. పేగు గోడ దాటని గడ్డకూ, దాటి శోషరస గ్రంథులకు పాకిన గడ్డకూ రోగి భవిష్యత్తులో ఎంత తేడా ఉందో 1932లో వర్గాలుగా విడగొట్టి చూపాడు. పాలిప్ క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్ళయినా పడుతుంది. ఇన్నేళ్ళ గడువిచ్చే క్యాన్సర్లు తక్కువ.

ఈ చరిత్రలో అసలు మలుపు ఏ యంత్రంతోనూ రాలేదనే నా అభిప్రాయం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేవిడ్ గ్రీగర్ అనే వైద్యుడు గ్వాయకమ్ బంక పూసిన కాగితాన్ని అట్టల మధ్య అమర్చి, రోగుల చేతికిచ్చి ఇంటికి పంపాడు. వాళ్ళే మూడు రోజులపాటు పుల్లతో కాస్త మలం తీసి పూసి, అట్ట మడిచి తెచ్చిచ్చేవారు. 1967లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. డాక్టరు ముందు నోరు విప్పి చెప్పడానికే మొహమాటపడే విషయం కాస్తా మనిషి తన ఇంట్లో, తలుపేసుకుని చేసుకునే పని అయింది. చిక్కులు లేకపోలేదు. మాంసంలోని రక్తానికి, చివరికి పచ్చిముల్లంగికి కూడా ఆ కాగితం నీలం తిరిగేది. అందుకే పథ్యం తప్పేది కాదు.

ఇది నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? 1975లో మొదలైన మిన్నెసోటా అధ్యయనంలో 46,551 మంది చేరారు. జవాబు 1993లో వచ్చింది. ఏటా పరీక్ష చేయించుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్‌తో పోయినవారు 13 ఏళ్ళలో వెయ్యికి 5.88 మంది, చేయించుకోనివాళ్ళలో 8.83. అక్కడా పేచీ వచ్చింది. ఎండిన నమూనాపై నీటిచుక్క వేసి చదవడంతో రక్తం ఉందని తేలేవి 2.4 నుంచి 9.8 శాతానికి ఎగబాకాయి. అంతమందికి, పేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేస్తే గొప్పదనం అట్టదా, గొట్టానిదా అన్నారు విమర్శకులు. న్యాయమైన ప్రశ్నే. 1996లో నాటింగ్‌హామ్, డెన్మార్క్ అధ్యయనాలు నీటిచుక్క లేకుండానే, రెండేళ్ళకోసారి పరీక్షతోనే మరణాలు 15, 18 శాతం తగ్గాయని చూపాకే వాదన చల్లబడింది.

గొట్టం గొప్పదనాన్నీ కాదనలేం. 1969లో న్యూయార్క్‌లో వైద్యులు వుల్ఫ్, షిన్యా కొలనోస్కోప్ గుండా తీగ ఉచ్చు పంపి, పొట్ట కోయకుండానే పాలిప్‌ను తెంపి తీశారు. కనిపెట్టడం, తీసేయడం ఒకే పూటలో జరిగే పనయింది.

జపాన్ 1992లోనే మనిషి రక్తాన్ని మాత్రమే గుర్తించే ఫిట్ పరీక్షను దేశమంతటా పెట్టింది. దీనికి పథ్యం అక్కర్లేదు. ఇంగ్లండ్ 2006లో గ్వాయకమ్ అట్టలతో మొదలుపెట్టి 2019లో ఫిట్‌కు మారింది. అక్కడ స్థిరపడి, డాక్టరు దగ్గర పేరు నమోదైన మన తెలుగువాళ్ళకూ నిర్ణీత వయసు రాగానే పరీక్ష కవరు ఇంటికే వస్తుంది. అయితే ఎంత రక్తం కనబడితే కొలనోస్కోపీకి పిలవాలి? స్కాట్లండ్ గ్రాము మలానికి 80 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ దగ్గర గీత గీస్తే, ఇంగ్లండ్ 120తో మొదలుపెట్టింది. ఆ గీత వెనుక వైద్యశాస్త్రంతో పాటు, చేతిలో ఎందరు కొలనోస్కోపీ వైద్యులున్నారన్న లెక్కా ఉంది.

మన దేశంలో 30 దాటినవారికి ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఈ జబ్బు తక్కువన్నది ఒక కారణం. కవరు రాని చోట రక్తం పడితే మొలలనో, వేడి చేసిందనో మజ్జిగ తాగి సరిపెట్టుకునే ఇళ్ళే ఎక్కువ. తండ్రికో అన్నకో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళు కూడా తమంతట తాము అడిగితే తప్ప పరీక్ష జరగదు.