కానుపులు – కత్తికోతలు

ఎవరింట పురుడొచ్చినా “మామూలు కానుపేనా, ఆపరేషనా?” అని అడగడం మనకిప్పుడు అలవాటైపోయింది.

పూర్వం ఈ ఆపరేషనంటే తల్లి మీద ఆశ వదులుకోవడమే. కోసిన గర్భసంచికి కుట్లు వేసేవారు కారు. నెత్తురు పోయి, చీముపట్టి తల్లులు కన్నుమూసేవారు. 1882లో జర్మనీ వైద్యుడు మాక్స్ సేంగర్ వెండితీగతో, పట్టుదారంతో గర్భసంచిని కుట్టే పద్ధతి చెప్పాడు. తర్వాత పెన్సిలిన్, రక్తనిధులు, మంచి మత్తుమందులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డొచ్చినా రెండు ప్రాణాలూ దక్కుతున్నాయి.

భయం తగ్గింది, కోతలు పెరిగాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూరు కానుపుల్లో ఆపరేషన్లు దేశంలో 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణలోనే ప్రభుత్వాసుపత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5! ఆసుపత్రి గుమ్మం మారితే ఆడదాని ఒళ్ళు మారుతుందా చెప్పండి?

కారణాలు చాలా ఉన్నాయి. ఆపరేషనుకి వచ్చే డబ్బు ఎక్కువ, పట్టే సమయం తక్కువ. నొప్పులపడే పిల్ల పక్కన రాత్రంతా కనిపెట్టుకుని కూర్చునేవారు కరువు. తొలిచూలు కోతైతే మలిచూలూ కోతే అంటారు. మంచి నక్షత్రం కోసం ముహూర్తం పెట్టించేదీ మనమేనాయె!

అవసరమైతే క్షణం ఆలస్యం చెయ్యకండి, కత్తి ప్రాణదాతే. కాని కోతలు పెరిగినకొద్దీ తర్వాతి కానుపులో మాయ పాతకుట్టుకి అంటుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకని “ఎందుకు చెయ్యాలండీ?” అని డాక్టరుగారిని ముందుగానే అడగండి. అడగడం తప్పు కాదు, మన హక్కు.