సూటిగా ఉన్న 1748

“అంకెలు సూటిగా ఉన్నాయేంటే?”

పెడనలో రాత్రి పదకొండు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో అప్పటికి సాయంత్రం ఆరున్నరే. ఫోన్‌ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు నాన్న. నలభై ఏళ్లపాటు కలంకారీ అద్దకానికి టేకు దిమ్మల మీద అచ్చులు చెక్కిన మనిషి. కూతురు చూపిస్తున్నది కూడా అచ్చే. కాకపోతే గుడ్డ మీద వేసేది కాదు, పిండి మీద వత్తేది.

“ఏ అంకెలు నాన్నా?”

“కింద 1748 అని లేదూ? చెక్క మీద చక్కగా చదవొస్తోంది. మరి పిండి మీద ఎలా పడుతుంది?”

అమ్మాయి తలెత్తి, బల్లకి అటువైపు కూర్చున్న ఓమా ముఖంలోకి చూసింది.

ఆ అమ్మాయి చెప్పగా రాస్తున్న కథ ఇది. పేర్లు వద్దంది. ఓమా అంటే అక్కడ అమ్మమ్మకీ నానమ్మకీ ఒకటే పిలుపు. ఈ ఓమా కింది వాటాలో ఒంటరిగా ఉంటుంది. ఎనభైకి దగ్గర పడింది. క్రిస్మస్ నెల పడకముందే ఆమె వంటింట్లో స్ప్రింగెర్లె పని మొదలవుతుంది. జర్మనీ నైరుతి మూల ష్వాబియా ప్రాంతపు బిస్కెట్ అది. గుడ్లూ పంచదారా నురగ కట్టేదాకా గిలక్కొట్టి, మైదా కలుపుతారు. వెన్న వెయ్యరు. వత్తిన పిండి మీద చెక్క అచ్చు అదిమి, ముక్కలు కోసి, సోంపుకి దగ్గరి చుట్టమైన అనిస్ గింజలు చల్లిన రేకు మీద పేర్చి ఒక రోజు ఆరనిస్తారు. పైన పొర గట్టిపడ్డాక సన్నని సెగలో కాలిస్తే బొమ్మ చెదరదు, ఉబ్బేదంతా అడుగునే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుని వాళ్లు ‘పాదాలు’ అంటారు. పాదాలు సరిగ్గా రాలేదంటే ఓమా ఆ వాయిని ఎవరికీ పంచదు.

అచ్చుని అక్కడ ‘మోడెల్’ అంటారు. ఓమా దగ్గరున్నది పియర్ చెట్టు చెక్క. పియర్ కలప ఈనె సన్నం, ఉలి ఎటు తిప్పినా పెచ్చు లేవదు. కనుబొమ్మంత సన్నని గీత కూడా నిలుస్తుంది. మొదటి బిడ్డ పుట్టిన ఏడాది ఓమా భర్త దాన్ని ఒక పాత సామాన్ల సంతలో కొన్నాడు. సగం నెల జీతం పెట్టాడట, ఆ 1748ని చూసే. ఆయన పోయి పదేళ్లు. ఇప్పుడు మనవరాలి పెళ్లి. అచ్చుని ఆ పిల్లకి ఇస్తూ, దాని చరిత్ర నాలుగు ముక్కలు రాసివ్వాలని ఓమా కోరిక. ఆ రాసే పని మేడ మీది తెలుగమ్మాయికి అప్పజెప్పింది.

“ప్రతి ఏడూ ఆ అంకెలు బిస్కెట్ మీద తిరగబడే పడతాయి. చెక్కినవాడికి అక్షరం ముక్క రాదేమోనని మా ఆయన నవ్వేవాడు” అంది ఓమా.

అమ్మాయి ఆ మాటని తెలుగులో చెప్పింది. నాన్న నవ్వలేదు.

“అక్షరాలు రాకపోవచ్చమ్మా. తిరగేసి చెక్కడం రాకపోతే వాడి చేతికి దిమ్మ ఎవరిస్తారు? కాస్త పైకి జరుపు. ఆ జెండా మీద ఏముంది?”

అచ్చు నిండా ఒక గుండ్రటి వలయం. అందులో గాల్లో తేలే బెలూను, దాని బుట్టలో ఒక జంట. బుట్టకి కట్టిన చిన్న జెండా మీద రెండక్షరాలు, ఎఫ్, కె. రెండూ చెక్క మీద తిరగబడి ఉన్నాయి. అంటే పిండి మీద సరిగ్గా పడతాయి.

“అక్షరాలు తిరగేసి చెక్కినవాడు బెత్తెడు కిందకి దిగేసరికి ఆ సంగతే మర్చిపోయాడా? ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు” అన్నాడు నాన్న.

ఓమాకి ఈ మాట వెంటనే చెప్పలేకపోయింది అమ్మాయి.

నిజానికి పాతదనంలో 1748 ఒక లెక్కలోది కాదు. స్విట్జర్లాండ్‌లో విల్ అనే ఊరి కన్యామఠంలో దొరికిన గుండ్రటి అచ్చు, ఈస్టర్ గొర్రెపిల్ల బొమ్మది, 14వ శతాబ్దం నాటిది. జ్యూరిచ్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని ముందు 1748 నిన్నమొన్నటి మాట. అందుకే ఓమా భర్త నమ్మాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఆ రాత్రి అమ్మాయికి నిద్ర పట్టలేదు. రెండు గంటలప్పుడు లేచి కూర్చుంది. అంకెల సంగతి సరే, బెలూను? మోంగోల్ఫియే సోదరుల బెలూను వెర్సై కోటలో గొర్రెనీ బాతునీ కోడిపుంజునీ పైకి తీసుకెళ్లింది 1783 సెప్టెంబరు 19న. మనుషులు తాడు లేకుండా గాల్లో ఎగిరింది అదే ఏడు నవంబరు 21న, పారిస్‌లో. ఆ ఏడాదికి ముందు బుట్టలో మనుషులున్న బెలూన్ని లోకంలో ఎవరూ చూడలేదు. 1748లో ఎవడు చెక్కుతాడు? యాభై ఏళ్లుగా ఆ బొమ్మనీ ఆ ఏడునీ పక్కపక్కనే పెట్టుకుని బిస్కెట్లు తిన్నారు, రెండింటినీ కలిపి ఎవరూ చూడలేదు.

అచ్చు సంగతి తేల్చడానికి శనివారం ఒక పెద్దాయన వచ్చాడు. జీవితమంతా పాత చెక్క సామాన్లు బాగుచేసిన మనిషి, ఓమాకి పాత పరిచయం. వస్తూనే వంటింటి దీపం ఆర్పించాడు. చిన్న టార్చిని చెక్కకి ఆనించి పక్క నుంచి వెలుగు పారించాడు. గాట్లన్నీ నీడలతో లేచాయి. నడుమ ఒక సూది మొనంత గుంట కనిపించింది. వలయం గీయడానికి వృత్తలేఖిని ముల్లు గుచ్చిన చోటు.

ఇనప కొలబద్దతో వలయాన్ని రెండువైపులా కొలిచాడు. ఈనె వెంట 142 మిల్లీమీటర్లు. ఈనెకి అడ్డంగా 139.

“వృత్తలేఖినితో గీసింది గుండ్రంగానే ఉండాలిగా? ఉండేది. చెక్క ఏళ్ల తరబడి ఎండుతూ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువున దాదాపు కదలదు. ఈ కోడిగుడ్డు ఆకారం చెక్క తనంతట తాను తెచ్చుకున్నది” అన్నాడు.

అచ్చుల్లో నకళ్లు చాలానే తిరుగుతాయి. రెజిన్‌తో పోత పోసినవైతే లోతుల్లో గాలిబుడగల గుంటలు కనిపిస్తాయి. యంత్రం తొలిచినవైతే గాట్ల అడుగులన్నీ ఒకే గుండ్రంలో నునుపుగా ఉంటాయి. ఇక్కడ ఉలి ఆగిన చోటల్లా చిన్న మెట్టు ఉంది. మూలల్లో పాత పిండి రాయిలా గట్టిపడి పేరుకుంది. ఆడమనిషి గౌను నడుము రొమ్ముల కిందికే ఉంది. అది 1800కి కాస్త అటూ ఇటూ నడిచిన వేషం. వేషం ఒక్కటే చూసి ఏడు తేల్చెయ్యకూడదని పెద్దాయన మరీ మరీ చెప్పాడు. తాతల నాటి బొమ్మల్ని మనవలు మళ్లీ చెక్కేవాళ్లు. బొమ్మలోని వస్తువు చూసి ఫలానా కాలానికి ముందుది కాదని మాత్రమే గట్టిగా చెప్పొచ్చు.

ఇక మిగిలినవి అంకెలు. భూతద్దం కిందికి 7ని తెచ్చాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత భూతద్దం అమ్మాయి చేతికిచ్చాడు.

చెక్క మీద అక్కడక్కడా పురుగు రంధ్రాలున్నాయి, ఆవగింజంతవి, గుండ్రంగా. పురుగు లోపలే తిని లోపలే సొరంగం తవ్వుకుని, చివరికి పైకి ఒక్క కన్నం పెట్టుకుని ఎగిరిపోతుంది. కాబట్టి పైనుంచి చూస్తే కన్నమే కనపడాలి, సొరంగం కనపడకూడదు. 7 కాలు దగ్గర మాత్రం సొరంగం నిలువునా చీలి, చిన్న కాలువలా బయటపడింది. ఉలి దాన్ని మధ్యకి కోసేసింది. పురుగు తిని వెళ్లిపోయాకే ఎవరో ఆ అంకె చెక్కారు. గాటు లోపల చెక్క కూడా చుట్టుపక్కల కన్నా లేతరంగులో ఉంది. మూలల్లోలా గట్టిపడిన పాత పిండి లేదు.

“బెలూను బొమ్మ 1783కి ముందుది కాదు. ఈ నాలుగంకెలూ అమ్మకానికి పెట్టేముందు ఎవరో వేశారు.”

ఓమా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “అంటే మా ఆయన మోసపోయాడు.”

“అంకెలకి కాస్త ఎక్కువ డబ్బిచ్చాడు. చెక్క నిజమైనదే” అన్నాడు పెద్దాయన.

“వాటిని గీకేస్తే?” అంది ఓమా. ఆ ప్రశ్న మళ్లీ పెడన దాకా వెళ్లింది. నాన్న ఉలిక్కిపడ్డాడు. “వద్దు వద్దు! అంకెలు పోవాలంటే చుట్టూ చెక్కంతా దిగాలి. ఇంక అచ్చేం మిగులుతుంది? పిండి ముద్ద పెట్టి పూడ్చెయ్యమను. పని అయ్యాక పుల్లతో తీసేయొచ్చు.”

ఓమా అలాగే చేసింది. గోరంత పిండిని నాలుగంకెల్లోకీ వేలితో నొక్కి, పైన చదును చేసి, అప్పుడు అచ్చు వేసింది. మర్నాడు పొయ్యిలోంచి తీసిన బిస్కెట్ల మీద బెలూనుంది, జంట ఉంది, జెండా మీద అక్షరాలు సరిగ్గా పడ్డాయి. కింద ఏమీ లేదు. పాదాలు బాగా వచ్చాయి.

సంక్రాంతికి అమ్మాయి పెడన వచ్చింది. రేకు డబ్బాలో ఆరు బిస్కెట్లు తెచ్చింది, ఇవి వారాలపాటు పాడవవు. అమ్మ వాటిని పంచదార చిలకల పక్కన పళ్లెంలో సర్దింది. చిలకలూ చెక్క అచ్చులో పోసినవే.

నాన్న ఒక బిస్కెట్ తీసుకుని వాకిట్లోకి వెళ్లాడు. ఎండకి ఏటవాలుగా పట్టి తిప్పి తిప్పి చూశాడు.

“తినండి నాన్నా, మెత్తగానే ఉంటుంది.”

“ఉండవే. ఇదిగో, ఈ తాడు దగ్గర చూడు. ఉలి జారింది. మళ్లీ కొట్టి సర్దుకున్నాడు.”